మూడు దెబ్బల ఊపిరి

“ఇది నా ఊపిరి గాదు తల్లీ. ఎవురిదో తెచ్చి నా పేరు మీద రాశారు. ఎవురిదో చూసి చెప్పు, వాళ్ళది వాళ్ళకిచ్చేస్తా.”

ఆ మాటలంటూ ఓబులమ్మ ప్రయోగశాల బల్ల మీద రెండు వస్తువులు పెట్టింది. ఒకటి చెమటకు రంగు మారిన ఊపిరి పట్టీ. రెండోది ఆమె అర్జీని కొట్టివేస్తూ న్యాయమండలి ఇచ్చిన ఉత్తర్వు. వాటిని సంచిలో పెట్టుకుని, కూతురు మస్తానమ్మను వెంటబెట్టుకుని, పలకలదిన్నె నుంచి రెండు బస్సులు మారి ఆమె గుంటూరు వచ్చింది. ప్రయోగశాల మేడ మీద ఉంది. ఇరవై మెట్లెక్కడానికి నాలుగుసార్లు కూర్చుంది.

డాక్టర్ దయామణి కళ్ళజోడు సవరించుకుని ఉత్తర్వును మొదటి అక్షరం నుంచి చివరి సంతకం వరకు చదివింది. అరవై ఒక్క ఏళ్ళ ఆ మనిషికి ఏ కాగితాన్నీ పైపైన చూసే అలవాటు లేదు. పైగా ఆ పట్టీని కనిపెట్టింది ఆమే.

రాతి పనుల్లో ఉన్న ప్రతివారూ పనివేళల్లో ఊపిరి పట్టీ కట్టుకోవాలన్న చట్టం వచ్చి ఆరేళ్ళయింది. దుమ్ము వల్ల ఊపిరితిత్తులు చెడుతున్నాయో లేదో తేల్చవలసింది యజమాని మాటా కాదు, కూలీ మాటా కాదు, పట్టీ గీసిన గీత మాత్రమేనని ఆ చట్టం చెప్పింది. అది అమలైన రోజున దయామణి ప్రయోగశాలలో మిఠాయి పంచింది. నోరు లేనివాళ్ళకు వాళ్ళ ఒళ్ళే సాక్ష్యం చెప్పే రోజు వచ్చిందని ఒక సభలో గట్టిగా మాట్లాడింది కూడా.

ఇప్పుడా సాక్ష్యం ఆమె చేతిలో ఉంది. ‘అర్జీదారు ఎక్స్‌రేలో మచ్చలున్న మాట వాస్తవమే అయినప్పటికీ, పనివేళల్లో ఆమె శ్వాస నిమిషానికి పదహారుసార్లు, లోతుగా, క్రమంగా సాగుతున్నట్టు ఆరేళ్ళ రికార్డు చెబుతున్నది. పనిచోట దుమ్ము హానికరమని రుజువు కాలేదు. కావున రాయిని నీటితో తడిపి కోయవలసిందిగా కర్మాగారాన్ని ఆదేశించలేము.’

“మీరు పరిహారం అడగలేదా ఓబులమ్మగారూ?”

“పోయిన ఊపిరి ఎవురు తెచ్చిస్తారమ్మా? నేనడిగింది నీళ్ళు. రాయి మీద నీళ్ళు పడతా ఉంటే దుమ్ము లెయ్యదు. గొట్టాలు, మోటారు, అంతే. నాలుగేళ్ళబట్టి నా బిడ్డ ఆ దుమ్ములోనే కూకుంటంది.”

“నాకేం కాలేదు. ఊరికే నన్ను చూపిస్తది” అంది మస్తానమ్మ గోడ వైపు చూస్తూ.

“ఇరవైనాలుగేళ్ళప్పుడు నేనూ ఇదే మాటన్నా” అంది తల్లి.

పై విచారణ మూడు వారాల్లో ఉంది. అదే ఆఖరిది. అదీ పోతే పలకలదిన్నె దుమ్ము మంచి దుమ్మేనని ప్రభుత్వమే ముద్ర వేసినట్టవుతుంది.

దయామణి ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, పక్కటెముకల మీద నాలుగు ఎలక్ట్రోడ్లు అంటించింది. చిన్న కొలత పెట్టెను మణికట్టుకు కట్టింది.

“షాకు కొడతదా?”

“కొట్టదు. ఈ రెండింటి మధ్య మీ చర్మానికి కూడా తెలియనంత కరెంటు పోతుంది. ఆ రెండూ దాన్ని కొలుస్తాయి. ఊపిరితో రొమ్ము నిండితే కొలత పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది.”

“కొట్టినా పర్లేదులే. కూసింత హుషారొస్తది.”

తెర మీద గీత కదిలింది. కూర్చున్న మనిషి ఊపిరి నిమిషానికి ముప్ఫై ఒకటి. రంపపు పళ్ళలా చిన్న చిన్నవి, ఒకదానిమీద ఒకటి పడుతూ ఉన్నాయి. ఎక్స్‌రేకూ ఈ గీతకూ పేచీ ఏమీ లేదు.

“ఇప్పుడు పలక చీల్చేటప్పుడు సుత్తి కొట్టినట్టు చేయండి” అని దయామణి బల్ల మీది గాజు గుండును ఆమె చేతికిచ్చింది.

ఓబులమ్మ చెయ్యెత్తింది. గీత ఒక్కసారి తుఫానులో పడ్డట్టు పైకీ కిందికీ ఎగిరింది. చెయ్యి కదిలితే చర్మం సాగుతుంది, ఎలక్ట్రోడు జరుగుతుంది, ఊపిరికి పదింతల అలజడి పుడుతుంది. ఆ అలజడిని తీసివేయడమే దయామణి విద్య. మణికట్టు పెట్టె చెప్పే కదలికను చూసుకుని, దానితో తాళం కలిసే ప్రతిదాన్నీ గీతలోంచి తుడిచివేస్తుంది ఆమె రాసిన ప్రోగ్రాము. కాసేపటికి తుఫాను అణగిపోయింది. గీత నున్నగా, నిండుగా, తీరుబడిగా సాగింది. నిమిషానికి పదహారు.

“చూశావా తల్లీ? సుత్తి పడితే పడుచుదాన్నైపోతన్నా. ఇంత మంచి మందు మా ఊళ్ళోనే ఉంటే ఇంగ ఆసుపత్రెందుకు?”

మస్తానమ్మ నవ్వింది. దయామణి నవ్వలేదు. గీతలో ప్రతి అయిదో ఊపిరి చివర ఒక చిన్న మెట్టు ఉంది. ఊపిరి వదలబోయే ముందు, ఒక్క గుక్కెడు గాలి అదనంగా. ఆ గుక్కను ఆమె ఎరుగును.

చిన్నప్పుడు కాన్వెంటులో పాటల బృందానికి సిస్టర్ బెర్నడెట్ నేర్పిన గుక్క అది. భుజాలు లేవకుండా, పక్కవాళ్ళకు వినబడకుండా, పొడుగు చరణానికి ముందు ఒక దొంగ గుక్క తీసుకోవాలి. భుజం లేచిన పిల్లకు బెత్తంతో ఒకటి పడేది. పాటలు మానేసి నలభై ఏళ్ళు దాటినా దయామణికి ఆ గుక్క పోలేదు. ఇరవై ఏళ్ళ కింద ఈ పట్టీకి మాదిరి ఊపిరి కావలసివచ్చినప్పుడు, నడక యంత్రం మీద మూడు గంటలు నడిచి ఇచ్చింది ఆమే.

ఆమె కుర్చీలో కూర్చుంది.

“ఓబులమ్మగారూ, ఎవరిదని అడిగారు కదా. ఈ ఊపిరి నాది.”

మస్తానమ్మ కళ్ళు చిట్లించింది. ఓబులమ్మ మాత్రం తెరనూ దయామణినీ మార్చి మార్చి చూసి, “అట్టయితే ఆరేళ్ళబట్టి నువ్వే మా పలకలు కొడతన్నావా! మంచి కష్టజీవివే” అంది.

ఆ వెటకారాన్ని దయామణి మింగింది. అది తనకు రావలసిందే. అలజడిని తుడిచాక గీతలో ఏమీ మిగలని చోట, అయిదు సెకన్లు మించకుండా, మాదిరి ఊపిరితో ఖాళీ పూడ్చమని ఆమె ప్రోగ్రాముకు చెప్పింది. పూడ్చిన చోట చుక్కల గీత గీయమని కూడా చెప్పింది. తర్వాత తయారీ సంస్థవారు వచ్చారు. ఆసుపత్రుల్లో నకిలీ హెచ్చరికలు మోగి నర్సులు విసిగిపోతున్నారని, అయిదు సెకన్ల హద్దు తీసివేయమని, చుక్కలు చూసి రోగులు కంగారు పడుతున్నారని, గీత అంతా ఒక్కటిగా ఉంటే బాగుంటుందని అన్నారు. ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషి ఎంతసేపని కదులుతాడులే అనుకుని ఆమె సంతకం చేసింది. రోజుకు ఎనిమిది గంటలు సుత్తి ఎత్తే మనిషి ఒంటి మీదికి అదే పట్టీ వెళ్ళినప్పుడు, ఆ సంతకం ఆమెకు గుర్తు రాలేదు. పట్టీని కనిపెట్టినందుకు వచ్చిన పతకం మాత్రం గుర్తుంది. ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది.

“తప్పు నాది. విచారణలో చెబుతాను” అంది.

“చెప్పు. కానీ అది నీ ఊపిరని తేలితే సరిపోద్దా? నాది యాడుందో తేలొద్దూ?” అంది ఓబులమ్మ.

న్యాయశాస్త్రం చదివినవారెవరూ అంతకంటె సూటిగా అడగలేరు.

పట్టీలో గోరంత జ్ఞాపకపు బిళ్ళ ఉంది. తుడవకముందటి ముడి సంకేతాన్ని పదేళ్ళు దాచమని చట్టం చెప్పింది కాబట్టి దాచారు. తెరిచినవాళ్ళు లేరు. దయామణి తెరిచింది. ఓబులమ్మ ఆరేళ్ళ ఊపిరి అందులోనే ఉంది, కొన్ని కోట్ల సుత్తి దెబ్బల కింద పూడుకుని.

వారం రోజులు ఆమె తనకు తెలిసిన విద్యనంతా వాడింది. దెబ్బను మెల్లగా తుడిస్తే దెబ్బ మిగిలింది, గట్టిగా తుడిస్తే ఏమీ మిగల్లేదు. నడక యంత్రం మీద మనిషి అడుగు వేరు, ఊపిరి వేరు. రెంటికీ తాళం కలవదు, విడదీయవచ్చు. ఇక్కడ దెబ్బా ఊపిరీ ఒకే తాళంలో పోతున్నాయి. ఎందుకు పోతున్నాయో గీత చెప్పడం లేదు. ఈలోగా తయారీ సంస్థ నుంచి ఎంతో మర్యాదైన లేఖ ఒకటి వచ్చింది. ఇన్నేళ్ళ కీర్తిని ఒక కూలీ అర్జీ కోసం చేజార్చుకోవద్దని అందులో సలహా ఉంది. దయామణి అందులోని రెండు అక్షరదోషాలను ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపింది. మర్నాడు పలకలదిన్నె బస్సెక్కింది.

అక్కడ అన్నీ పలకలే. ఇళ్ళ గోడలు పగిలిన పలకలు, కప్పులు పలకలు, కోళ్ళ గూడు కూడా పలకలే. పొడవాటి రేకుల షెడ్డులో అరవైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఉలి పెట్టి సుత్తితో నల్లరాతిని పొరలు పొరలుగా చీలుస్తున్నారు. వాళ్ళ మీద బూడిద రంగు దుమ్ము మంచులా నిలిచి ఉంది. దయామణిని ఆశ్చర్యపరచింది మాత్రం దుమ్ము కాదు. అరవైమంది ఆడవాళ్ళు కలిసి పనిచేస్తున్న చోట సుత్తుల మోత తప్ప ఒక్క మాట వినబడలేదు.

ప్రయోగశాలలో తాను తెరను చూసిందే కాని మనిషిని చూడలేదని ఆమెకు అప్పుడు తట్టింది. మస్తానమ్మ ఎదురుగా రాయి మీద కూర్చుని, ఈసారి మనిషిని చూసింది.

ఒక దెబ్బ. రెండు. మూడు. పెదాలు బిగిసి ఉన్నాయి, ముక్కుపుటాలు కదల్లేదు. మూడో దెబ్బ కాగానే మస్తానమ్మ ముఖం గాలివాటుకు తిప్పి, దుమ్ము కాస్త పక్కకు పోయాక ఊపిరి వదిలి, గబుక్కున పీల్చుకుంది. నాలుగో దెబ్బ ఆ ఊపిరితోపాటే పడింది. మళ్ళీ బిగింపు. ఒకటి, రెండు, మూడు.

“ఎవరు నేర్పారమ్మా ఇది?”

“ఏది?” అంది మస్తానమ్మ. దయామణి చెప్పాక నవ్వింది. “అదా! నేర్పేదేముంది? మా అమ్మ కొట్టేది, నేను చూసేదాన్ని. మూడు దెబ్బలదాకా నోరూ ముక్కూ మూసుకోవాల. లేకుంటే దుమ్మంతా లోపలికే గదా.”

“మా అమ్మ నాలుగు దెబ్బలాపేది. అప్పుడు రాయి మెత్తన” అంది వెనకనుంచి ఓబులమ్మ. పని మానేసినా రోజూ షెడ్డుకు వచ్చి కూర్చుంటుంది.

అన్నాల వేళ షెడ్డు కట్టలు తెంచుకుంది. జొన్నరొట్టెలు, గోంగూర, ఎండుమిరపకాయల పచ్చడి, వాటి మధ్య మాటలు. “ఊపిరి డాక్టరమ్మా! నీ ఊపిరంతా మాకిచ్చి నువ్వు దేంతో బతకతన్నావు?” అని ఒకామె అడిగితే అందరూ ఘొల్లుమన్నారు, వెంటనే సగంమంది దగ్గారు. దయామణి చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. ఆమె మూడు వేళ్ళు మడిచి, నాలుగోది చాచి, తనలో తాను లెక్క పెట్టుకుంటోంది.

మూడు దెబ్బలపాటు ఊపిరి లేదు. అంటే ఆ మూడు దెబ్బల్లో పట్టీ కొలిచింది వట్టి సుత్తినే, వట్టి చేతినే. అది ఎలా ఉంటుందో తెలిస్తే నాలుగో దెబ్బలోంచి దాన్ని తీసివేయవచ్చు. మిగిలేదే ఊపిరి. ప్రోగ్రాము దెబ్బతో తాళం కలిసిందల్లా దెబ్బే అనుకుని ఊపిరిని కూడా తుడిచేసింది. ఈ ఆడవాళ్ళు ఒంటిని కాపాడుకోవడానికి పట్టిన తాళమే వాళ్ళ ఊపిరిని రికార్డులోంచి చెరిపింది. దాన్ని తిరిగి రప్పించే తాళంచెవీ అదే తాళంలో ఉంది. తరాల ఆడవాళ్ళు మాట లేకుండా ఒకరినుంచి ఒకరు నేర్చుకున్న జాగ్రత్త అది. ఏ ప్రయోగశాలా ఊహించలేదు, తనది కూడా.

ఊహ సరే, రుజువు కావాలి. ముఖానికి తొడిగే తొడుగుతో గాలిని నేరుగా కొలుస్తూ, అదే సమయంలో పట్టీతోనూ కొలవాలి. రెండూ ఒక్కమాట చెప్పాలి.

“నేను కొడతా, నా అర్జీ గదా” అని లేవబోయిన ఓబులమ్మ మళ్ళీ కూర్చుంది. “వద్దులే, పిల్ల కొడతది. నేనిప్పుడు మూడు దెబ్బలాపలేను. ఒక్క దెబ్బకే దగ్గొస్తది.”

మస్తానమ్మ ముఖానికి తొడుగు పెట్టుకుంది. “ఏనుగు తొండంలా ఉంది. ఎవురూ ఫొటో తియ్యబాకండి” అని హెచ్చరించి సుత్తి ఎత్తింది. అరగంట కొట్టింది. దయామణి అక్కడే, కోళ్ళగూటి మీద యంత్రం పెట్టుకుని, మూడు దెబ్బల నుంచి సుత్తిని నేర్చుకుని నాలుగోదానిలోంచి తీసివేసింది. మిగిలిన గీతను తొడుగు చెప్పిన గీత మీద పరిచింది. ఒకదానిమీద ఒకటి, రెండు పలకలు అతికినట్టు కూర్చున్నాయి. సుత్తి గతి తప్పిన చోట, దగ్గు వచ్చిన చోట మాత్రం ప్రోగ్రాముకు ఏమీ తెలియలేదు. ఈసారి ఆమె ఆ చోట్లను తెల్లగా వదిలేసింది.

గుంటూరు తిరిగి వచ్చాక ఓబులమ్మ ఆరేళ్ళను తవ్వింది. రెండు రోజులు పట్టింది. చూసింది చాలక, తన కళ్ళనే నమ్మలేక, మొదటినుంచి మళ్ళీ చేయించింది.

చట్టం వచ్చిన ఏడాది ఓబులమ్మ మూడు దెబ్బలాపి ఊపిరి తీసేది. మూడో ఏడు చివరికి రెండు దెబ్బలు. ఆరో ఏడు ఒకటే. ఆపే దెబ్బలు తగ్గినకొద్దీ ఊపిరులు పొట్టివయ్యాయి, త్వరత్వరగా వచ్చాయి. ఇది చూడడానికి చదువు అక్కరలేదు. మూడు, రెండు, ఒకటి.

తన లెక్క ఒక్క మనిషికే సరిపోయిందేమోనన్న అనుమానంతో దయామణి మస్తానమ్మ పట్టీని కూడా తెరిచింది. ఉదయం మూడు దెబ్బలు, అందులో మార్పు లేదు. కిందటి ఏడాది నుంచి మాత్రం మధ్యాహ్నం మూడు గంటలు దాటాక, ఉండి ఉండి, రెండు దెబ్బలు.

ఆ లెక్కను ఆమె కాగితం మీద అచ్చు తీసుకుంది. ఇన్నాళ్ళూ పట్టీ అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడింది. ఇప్పుడు నిజం చెబుతున్నందుకు భయపడింది. ఈ నిజాన్ని తీసుకుపోయి ఎవరి ముందు పెట్టాలి? ఆ పిల్ల ముందే పెట్టాలి, ఊపిరి ఆమెది కాబట్టి.

విచారణకు ముందురోజు తల్లీ కూతుళ్ళు దయామణి ఇంట్లోనే దిగారు. కాఫీలయ్యాక దయామణి మస్తానమ్మకు కాగితం చూపించి, మెత్తని మాటలేవీ వెతుక్కోకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. మస్తానమ్మ ‘రెండు’ అన్న అంకె మీద వేలు పెట్టి చూసింది.

“మధ్యానాలు నాకు తెలస్తానే ఉంది. అలుపులే అనుకున్నా” అంది.

ఓబులమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచింది. ఊపిరి లోపలికీ బయటికీ పోవడం అరచేతితో తెలుసుకుంటున్నట్టుంది.

“ఇది మొదలు మాత్రమే. ఇప్పుడు దుమ్ము ఆగితే నీ ఊపిరి ఇక్కడితో ఆగవచ్చు. నీకు ఇష్టం లేకపోతే ఈ కాగితం రేపు బయటికి తీయను” అంది దయామణి.

“తియ్యి డాక్టరమ్మా. మాయమ్మదొక్కటే చూపిస్తే ముసలిదై రోగమొచ్చిందంటారు. నేనున్నా గదా, ఇరవైనాలుగేళ్ళదాన్ని” అంది మస్తానమ్మ.

న్యాయమండలి గదిలో కర్మాగారం తరఫు న్యాయవాది త్రివిక్రమరావు మంచి మాటకారి. దయామణిని ఎంతో గౌరవంగా పలకరించి, ఎంతో గౌరవంగా బోనెక్కించాడు.

“అమ్మా, ఈ పట్టీ తమరి సృష్టి. దేశమంతా నమ్మింది. ఇప్పుడు అది అబద్ధమాడిందని తమరే అంటున్నారు.”

“యంత్రం అబద్ధమాడలేదు. తెలియని చోట నా ఊపిరి పెట్టమని నేను చెప్పాను. పెట్టిన చోట గుర్తు వేయనక్కరలేదనీ నేనే సంతకం చేశాను. ఆ కాగితం మీ ముందుంది.”

“ఓబులమ్మ రికార్డులో ఉన్నది తమరి ఊపిరేనని ఏమిటి నమ్మకం?”

దయామణి చీర కొంగు సర్దుకుని, పట్టీ తగిలించుకుంది. మాటలు లేని ఒక పొడుగు స్వరం ఎత్తుకుంది. అరవై ఒక్క ఏళ్ళ గొంతు వణికింది, భుజాలు మాత్రం లేవలేదు. అయిదో ఊపిరి చివర తెర మీద చిన్న మెట్టు లేచింది. పక్క తెర మీద ఓబులమ్మ ఆరేళ్ళ రికార్డులో అదే మెట్టు, అదే ఎత్తున, వరసగా నిలబడి ఉంది. మండలి అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“పలకలదిన్నెలో పాటల బృందం లేదండీ” అంది దయామణి.

త్రివిక్రమరావు తడబడకుండా తిరిగి వచ్చాడు. “సరే, పాతది తప్పు. మరి ఈ కొత్తదాన్ని మాత్రం ఎందుకు నమ్మాలి? ఇదీ తమరి చేతిదే కదా!”

“అందులో తెల్లటి ఖాళీలున్నాయి, చూడండి. అక్కడ నాకు తెలియదు. తెలియదనే రాశాను. పాత రికార్డులో ఒక్క ఖాళీ లేదు. ఆరేళ్ళలో ఒక్క క్షణం కూడా తెలియనిది లేదని చెప్పిన సాక్షిని మీరందరూ నమ్మారు. నేనూ నమ్మాను. అటువంటి సాక్షిని చూసినప్పుడే అనుమానించవలసింది.”

తర్వాత ఆమె రెండు కాగితాలు పైకెత్తి చూపింది. ఒకటి తల్లిది, ఒకటి కూతురిది. మూడు, రెండు, ఒకటి. మూడు, ఇప్పుడిప్పుడే రెండు.

అధ్యక్షుడు ఓబులమ్మ వైపు తిరిగి, “నువ్వేమైనా చెప్పుకుంటావా?” అని అడిగాడు.

ఓబులమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. “ఏముంది సామీ. మా అమ్మ నాలుగు దెబ్బలాపేది, నేను మూడాపినా. నా బిడ్డ రెండుకొచ్చింది. దానికి పుట్టే బిడ్డ ఎన్నాపాలో మీరే రాయండి.”

ఆమె కూర్చుంది. ఉత్తర్వు మర్నాడు వచ్చింది. తొంభై రోజుల్లో ప్రతి రాతి షెడ్డులోనూ నీటి గొట్టాలు పెట్టాలి. పూడ్చిన ఊపిరితో ఇచ్చిన పాత తీర్పులన్నీ తిరగదోడాలి. పట్టీ ఇకమీదట తెలియని చోటును తెల్లగానే వదలాలి. మస్తానమ్మను ఆలోగా దుమ్ములో కూర్చోబెట్టరాదు.

దయామణి పతకాన్ని పాత గుడ్డలో చుట్టి, ఇచ్చినవారికి తిప్పి పంపింది. ప్రయోగశాలలో ఆమె గదిని ఉద్యోగ విరమణకు అయిదు నెలలు ముందుగానే ఖాళీ చేయించారు. దేశంలో ఎన్నో ఆసుపత్రులు ఆమెను తిట్టుకుంటూ తమ పట్టీలను సరిచేయించుకున్నాయి. ఆమె ఎవరికీ జవాబివ్వలేదు. తిట్టడం వాళ్ళ హక్కు అనుకుంది.

ఏడాది తిరిగాక, పట్టీలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసి రమ్మని న్యాయమండలి ఆమెనే పలకలదిన్నె పంపింది. షెడ్డు అంతా తడిగా, నల్లగా మెరుస్తోంది. ప్రతి రాయి మీదా సన్నని నీటి ధార పడుతోంది. బూడిద రంగు బురద కాలవలోకి జారిపోతోంది. గాలిలో మాత్రం ఏమీ లేదు. ఓబులమ్మ గుమ్మం దగ్గర ఆక్సిజన్ యంత్రం పక్కన పెట్టుకుని, ముక్కుకు గొట్టంతో, షెడ్డు తనదే అన్నట్టు కూర్చుని ఉంది. పోయిన ఊపిరి తిరిగి రాలేదు. ఉన్నది మాత్రం నిలిచింది. మస్తానమ్మను కిందటి వారమే డాక్టర్లు పరీక్షించారు. ఏడాదిలో ఆమె ఊపిరి కొలత ఒక్క గీత కూడా దిగలేదు.

దయామణి యంత్రం తెరిచింది. మస్తానమ్మ రికార్డు చూసి నొసలు చిట్లించింది. నీళ్ళు వచ్చిన మొదటి నెలలో గీత చక్కగా ఉంది. తర్వాత అక్కడక్కడా తెల్లటి ఖాళీలు. ఈ నెలలో సగానికి పైగా ఖాళీయే. పక్కామె రికార్డూ అంతే, ఆ పక్కామెదీ అంతే. ప్రోగ్రాము సుత్తిని నేర్చుకోలేకపోతోంది. ఊపిరి బిగబట్టి కొట్టే దెబ్బలు దానికి దొరకడం లేదు.

“ఏందమ్మా అట్టా చూస్తన్నావు? పట్టీ చెడిపోయిందా?” అంది ఓబులమ్మ.

దయామణి తెర మీదినుంచి తలెత్తి మనిషిని చూసింది. మస్తానమ్మ సుత్తి కొడుతోంది. కొడుతూనే పక్కామెతో ఏదో పెళ్ళివారి వంట సంగతి చెబుతోంది. ఒక దెబ్బకు “సాంబారులో”, రెండో దెబ్బకు “ఉప్పే లేదంట”, మూడో దెబ్బకు నవ్వు. ఆ పక్కామె దెబ్బ కొడుతూనే మారుమాట విసిరింది. అరవైమంది ఆడవాళ్ళ మాటలకు సుత్తుల మోత ఎక్కడో అడుగున పడిపోయింది.

“చెడిపోలేదండీ, దానికిక్కడ పని తగ్గిపోతోంది” అంది దయామణి.

తనిఖీ రిజిస్టరులో ఆ నెల ఊపిరి కొలత రాయవలసిన గడి ఖాళీగా ఉంది. ఆమె కలం తీసి తేదీ వేసింది, కింద సంతకం పెట్టింది. గడిని తెల్లగానే వదిలి పుస్తకం మూసింది.